సోమరికన్ను

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలములలో మిరపకళ్లములు ఎర్రని తివాచీలు పరచినట్లుండును. అచ్చట కూర్చున్న స్త్రీలు మంచికాయను ఒకవైపునకు, తాలుకాయను వేరొకవైపునకు చకచక వేయుచుందురు. ఆ వరుసలో ఒక కంటితోనే చూచుచున్నవారు ఉండవచ్చును. ఆ సంగతి ప్రక్కవారికే కాదు, వారికిని తెలియకపోవచ్చును. కాయరంగును గుర్తించుటకు ఒక కన్ను చాలును గదా! రెండవ కన్ను తెరచియే యుండును. ఎర్రబారదు, నీరు కారదు, నొప్పి పెట్టదు. చూచు పనిని మాత్రము సరిగా చేయదు. వైద్యులు దీనిని ఆంబ్లియోపియా అందురు. వాడుకలో దీనికి లేజీ ఐ, అనగా సోమరికన్ను, అని పేరు.

ఈ పేరు కంటికి అన్యాయమే చేసినది. లోపము కంటిలో కంటె మెదడులో ఎక్కువ. శిశువు నడక నేర్చినట్లే చూపును నేర్చుకొనును. రెండు కన్నులు పంపు రెండు బొమ్మలను మెదడు కలిపి ఒక్కటిగా గ్రహించును. ఒక కన్ను మెల్లయైనను, రెండు కన్నుల శక్తిలో చాల భేదమున్నను, పుట్టుకతోనే శుక్లమున్నను, ఆ కంటి బొమ్మ రెండవదానితో కలియదు. అంతట మెదడు దానిని లెక్కచేయుట మానివేయును. మెల్లకన్ను అదృష్టచిహ్నమను నమ్మకము కొందరిలో కలదు. ఆ నమ్మకమువలన చికిత్స ఆలస్యమైన బిడ్డకు మాత్రము అది అదృష్టము కాదు.

అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1960 తరువాతి సంవత్సరములలో పిల్లికూనలపై పరిశోధనలు చేసిరి. కూనకు ఒక కంటిరెప్పను కొంతకాలము కుట్టియుంచి పిమ్మట తెరచినను, మెదడులోని దృష్టికణములలో చాలభాగము ఆ కంటికి స్పందించుట మానినవి. ఎదిగిన పిల్లులలో అట్లు జరుగలేదు. చూపు నేర్చుటకు బాల్యములో ఒక గడువు కలదని దీనివలన తేలినది. వీరికి 1981లో నోబెల్ బహుమానము లభించినది. మంచికంటిని మూసి బలహీనమైన కంటికి పని కల్పించు చికిత్స అంతకంటె చాల పాతది. ఫ్రాన్సు దేశపు పండితుడు బ్యుఫాన్ 1743లోనే దానిని వర్ణించెను. కాని ఏడెనిమిది ఏండ్లు దాటినవారికి అది పనికిరాదని వైద్యులు చాలకాలము తలచిరి. పిల్లి చెప్పిన పాఠమును మనుష్యునికి కొంత కఠినముగానే అన్వయించిరని ఇప్పుడు చెప్పవలసియున్నది.

2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 7 మొదలు 17 ఏండ్ల వయస్సుగల 507 మంది పాల్గొనిరి. 12 ఏండ్లలోపు వారిలో కంటి అద్దములు మాత్రమే పెట్టుకొన్నవారు నూటికి 25 మంది మెరుగుపడగా, దానితోపాటు చికిత్స పొందినవారు నూటికి 53 మంది మెరుగుపడిరి. 13 ఏండ్లు దాటినవారిలో, మునుపు చికిత్స ఎరుగనివారికే ప్రయోజనము కనబడినది. వారిలో ఈ సంఖ్యలు 20, 47. మునుపే చికిత్స పొందియున్నవారికి చెప్పదగిన లాభము లేకపోయెను. అనగా ఎనిమిదవ తరగతి విద్యార్థికి తలుపు మూసికొనిపోలేదు. పూర్తిగా తెరచియును లేదు.

పెద్దవారి విషయమున కన్ను మూయుట ఒక్కటియే చాలదు, కంటికి సాధన కావలెను. మసకగా కనబడు గీతల బొమ్మలను మరల మరల గుర్తింపజేయుట అట్టి సాధనలలో ఒకటి. 2011లో ప్రకటింపబడిన ఒక చిన్న పరిశోధనలో 20 మంది పెద్దలు మంచికంటిని మూసికొని, బలహీనమైన కంటితో గంటలకొలది వీడియో ఆటలాడిరి. వారి చూపు మెరుగైనది. కన్ను మూసికొని నిత్యకృత్యములు మాత్రము చేసినవారికి అట్టి ఫలితము కలుగలేదు. మెదడును మేల్కొలుపునది గంత కాదు, గంతతో కూడిన శ్రద్ధ.

రెండు కన్నులను కలిపి వాడించు సాధన వేరొకటి కలదు. పొడుగాటి దారమునకు మూడు పూసలు గ్రుచ్చి, ఒక కొనను గోడకు కట్టి, రెండవ కొనను ముక్కువద్ద పట్టుకొనవలెను. ఒక పూసను తేరిచూచినపుడు, రెండు కన్నులును పనిచేయుచున్నచో, దారము రెండుగా తోచి ఆ పూసవద్ద కత్తెరవలె దాటును. ఒకే దారము కనబడినచో ఒక కన్ను ఊరకున్నదని అర్థము. అమెరికాలో నాడీశాస్త్ర ఆచార్యురాలు సూసన్ బారీ శైశవమునుండి మెల్లకన్ను గలది. ఆమె 2002లో, 48వ ఏట, ఇట్టి సాధనచేత వస్తువుల లోతును తొలిసారి చూడగలిగెను. అందరికిని అట్లు జరుగునని చెప్పరాదు. వైద్యుని పర్యవేక్షణ లేనిచో కొందరికి ఒకటి రెండుగా కనబడు బాధ కలుగవచ్చును.

మంచికన్ను ఉన్నంతకాలము ఈ లోపము మరుగుననుండును. పత్తికట్టె పీకునపుడు పుల్ల ఎగిరి ఆ కన్నే దెబ్బతిన్నచో, ఆ రైతుకూలి బ్రదుకేమగును? అందుచేతనే పాఠశాలలో పరీక్ష ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 అక్టోబరు 10న ప్రారంభించిన వై.ఎస్.ఆర్. కంటివెలుగు కార్యక్రమము మొదట బడిపిల్లల కన్నులనే పరీక్షించినది. గుంటూరులో వైద్యవిద్య నేర్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికానుండి తిరిగివచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థను నెలకొల్పెను. దాని శాఖ యొకటి విజయవాడ చెంత తాడిగడపలో కలదు. గుంటూరు ప్రక్కనే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి కలదు.

మొదటి పరీక్షకు ఆసుపత్రి కూడ అక్కరలేదు. ఒక కంటిని నొక్కక అరచేతితో కప్పి నల్లబల్లపై అక్షరములు చదువవలెను. పిమ్మట రెండవ కంటిని కప్పి చదువవలెను. భేదము తోచినచో పెద్దలకు చెప్పి వైద్యునివద్దకు వెళ్లవలెను. వైద్యుడు గంత కట్టుమన్నచో, ఆ గంటలలో బియ్యములో రాళ్లేరుట, సూదిలో దారమెక్కించుట, బొమ్మలు వేయుట వంటి దగ్గరిచూపు పనులు చేయవచ్చును. తాలుకాయలేరుట మాత్రము వలదు. మిరపఘాటు సోకిన చేయి కంటికి తగులకుండ ఉండదు.