గచ్చు మీద నిలిచే నీరు - పొదుగుకు ముప్పు



మన నెల్లూరు తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఏడాది వానలో సగానికి మించి ఈ మూడు నెలలలోనే ఈశాన్య రుతుపవనాల వలన పడుతుంది. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను ఎంత వాన కురిసిందో అందరికీ గుర్తే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వంటి తీర మండలాలలో పల్లపు నేలలు ఎక్కువ. అలాంటి చోట గొడ్ల కొట్టంలో సిమెంటు గచ్చు వేయించుకోవడం మంచి పనే. కాని వాటం సరిగా లేని గచ్చు మడుగు అవుతుంది. వానలకు ముందు ఆ గుంట మీద కాస్త సిమెంటు పూస్తాము. నెల తిరగకముందే అది పెచ్చులూడుతుంది, లేదా నీరు అడుగు పక్కకు జరిగి నిలుస్తుంది. నీరు ఎందుకు నిలిచిందో చూసుకోకుండా పూత పూయడమే ఇక్కడ జరిగే పొరపాటు.

నష్టం ఏమిటి?

చదరపు మీటరు మేర ఒక సెంటీమీటరు లోతున నీరు నిలిస్తే అది 10 లీటర్లు. అందులో పేడ, మూత్రం కలుస్తాయి. పాలు పితికిన తరువాత సుమారు అరగంట వరకు చనురంధ్రం పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో గేదె మురుగులో పడుకుంటే సూక్ష్మజీవులు పొదుగులోకి చేరి పొదుగువాపు వస్తుంది. ఆలస్యం చేస్తే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. అలాంటి పాలు ఒక్క గేదెవి కలిసినా క్యాను మొత్తం చెడుతుంది. మందులు వాడుతున్నన్నాళ్ళు, తరువాత డాక్టరు చెప్పిన గడువు వరకు పాలు సంఘానికి పోయరాదు. ఇవి గాక గిట్టలు మెత్తబడి కుళ్ళుతాయి, దోమలు పెరుగుతాయి, పశువు జారిపడుతుంది.

కారణం కనుక్కోండి

గచ్చు కడిగి, నాలుగు బిందెల నీళ్ళు పోసి అరగంట ఆగండి. నీరు నిలిచిన మేరకు బొగ్గుతో గీత గీయండి. పుల్ల ముంచి లోతు చూడండి. తరువాత నాలుగు విషయాలు పరిశీలించాలి.

1. బయటి నేల గచ్చు కన్నా ఎత్తుగా ఉన్నదా? కాలువ మూతిలో పెంట పేరుకున్నదా? అలాగైతే ముందు బయట తవ్వి దారి చేయండి. చాలాసార్లు దీనితోనే పని తీరుతుంది.

2. వాటం ఉన్నదా? మేత తొట్టి వైపు నుంచి మురుగు కాలువ వైపుకు 10 అడుగులకు 2 నుంచి 3 అంగుళాల వాలు ఉండాలి. అంతకు మించితే పశువు నిలబడలేదు. నీళ్ళు నింపిన సన్నని గొట్టంతో తాపీ మేస్త్రీ దీనిని చూడగలడు.

3. గునపం పిడితో తట్టినపుడు డొల్ల చప్పుడు వస్తున్నదా? వస్తే కింద పోసిన మన్ను కుంగినట్లో, పందికొక్కులు తోడినట్లో అనుకోవాలి.

4. చప్పుడు గట్టిగానే ఉండి, పైభాగం మాత్రం గిట్టలకు, మూత్రానికి అరిగిందా?

బాగుచేసే పద్ధతి

పైభాగం అరిగిన గుంటలకు: గీసిన గీత వెంట అంచును నిలువుగా, ముప్పాతిక అంగుళం లోతున కొట్టండి. పలుచని అంచు నిలవదు. లోపలంతా ఉలితో గంట్లు పెట్టి, పేడ జిగురు పోయేలా కడిగి, రాత్రంతా తడిపి ఉంచండి. ఉదయం నిలిచిన నీరు తీసివేసి, తడి ఆరకముందే చిక్కని సిమెంటు పాలు పూసి, వెంటనే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు ఇసుక కలిపిన మాలు వేయండి. అంగుళంన్నర కన్నా లోతైతే ఒకటి, రెండు, నాలుగు పాళ్ళలో సిమెంటు, ఇసుక, చిన్న చిప్సు కలిపిన కాంక్రీటు వాడండి.

కుంగిన చోట: పై పూత పనికిరాదు. ఆ ముక్కను పగులగొట్టి తీసి, అడుగున మన్ను అరడుగు చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద కాంక్రీటు వేయాలి.

వాటమే లేకపోతే: గుంట ఒక్కటే పూడ్చితే నీరు పక్కకు పోతుంది. కాలువ వరకు గచ్చు మొత్తానికి వాటం చేసి వేయవలసిందే.

సముద్రపు ఇసుక, ఉప్పునీరు వాడకండి. ఉప్పు వలన గచ్చు చెమ్మగిల్లుతుంది, ఇనుము ఉంటే తుప్పు పడుతుంది. ఏటి ఇసుక, తాగడానికి పనికివచ్చే నీరు వాడండి. మాలులో నీరు ఎక్కువైతే బలం తగ్గుతుంది. పైన నునుపు చేయవద్దు. ఈనెల చీపురుతో గీతలు పెట్టించండి. తడి గోనె సంచులు కప్పి కనీసం వారం రోజులు తడపాలి. అంతవరకు పశువులను వేరే చోట కట్టాలి. కనుక ఈ పని ఆగస్టు, సెప్టెంబరులలోనే ముగించుకోవడం మేలు.

50 కిలోల సిమెంటు బస్తా అంగుళం మందాన దాదాపు 4 చదరపు మీటర్లకు సరిపోతుంది. ఒక పెద్ద గేదెకు కావలసిన చోటు అంతే. పొదుగువాపుకు పోయే పాలతోను, మందుల ఖర్చుతోను దీనిని పోల్చి చూసుకోండి.

గచ్చు బాగుపడేలోగా, పాలు పితికిన వెంటనే పశువుకు మేత వేయండి. అరగంట నిలబడి తింటుంది, చనురంధ్రం మూసుకుంటుంది.

సంఘ సమావేశంలో చర్చకు

1. మీ కొట్టంలో నీరు ఎక్కడ నిలుస్తున్నది? ఎందుకు?
2. మీ మురుగు కాలువ నీరు ఎక్కడికి పోతున్నది? పొరుగువారి దొడ్డిలోకి కాదు కదా?
3. పాల కేంద్రం ముందు గచ్చుకు వాటం ఉన్నదా?