సీనియర్‌ని ఏమని అడగాలి?

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న ఏడాది కనబడ్డ ప్రతి పీజీనీ ఒకటే అడిగేదాన్ని: "ఏ బ్రాంచి మంచిది?" రేడియాలజీ అన్నవాళ్లు ఎక్కువ. డెర్మా అయితే రాత్రి డ్యూటీలు ఉండవన్నారు. ఆడపిల్లవి కదా, గైనిక్ తీసుకుని ఊళ్లో నర్సింగ్‌హోమ్ పెట్టుకో అని ఒక సర్ చెప్పారు. అందరూ నా మేలు కోరే చెప్పారు. అయినా నాకేమీ తేలలేదు.

ఒక రాత్రి పిల్లల వార్డులో డ్యూటీ పడింది. కేస్‌షీట్లు రాస్తున్న రెండో ఏడాది పీజీ అక్క నా ప్రశ్న విని, "మంచో చెడో నేను చెప్పలేను గానీ నిన్న నేనేం చేశానో చెబుతా విను" అంది. పొద్దున ఏడింటికి వార్డుకొచ్చిందట. రౌండ్స్ మొదలయ్యేలోపు ఇరవై ఎనిమిది మంది పిల్లల్ని చూసి నోట్స్ రాసింది. నెలలు నిండని బిడ్డకు సెలైన్ పెట్టడానికి నాలుగుసార్లు గుచ్చాల్సొచ్చింది, తల్లి పక్కనే నిలబడి ఏడుస్తోంది. మధ్యాహ్నం ఫిట్స్‌తో తెచ్చిన పిల్లాడు సాయంత్రానికి కళ్లు తెరిచి అన్నం అడిగాడు. రాత్రి ఎనిమిదింటికి ఇంకో బిడ్డ పోయింది. ఆ సంగతి తండ్రికి చెప్పాల్సింది ఈమే. హాస్టల్‌కి వెళ్లేసరికి పదకొండయింది, మెస్ మూసేశారు. "తిండీ నిద్రా ఎలాగో సర్దుకుంటాయి. ఆ తండ్రి ముందు నిలబడే పని నువ్వు చేయగలవా, అది ఆలోచించుకో" అంది.

నేను పీడియాట్రిక్స్‌లోనే చేరాను. పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు సలహా కోసం వచ్చే విద్యార్థులందరికీ ఆ అక్క నేర్పిన ప్రశ్నే ఇస్తాను. పీజీ కనబడితే "నిన్న ఏం చేశావన్నా?" అని అడగండి. లేచింది ఎన్నింటికి, మొదటి గంటలో ఏం పని, ఎన్నిసార్లు ఫోన్ మోగింది, ఎవరితో మాట్లాడాల్సొచ్చింది, ఏ పని చేస్తున్నప్పుడు టైము తెలియలేదు, ఏ పనికి విసుగొచ్చింది. ఇలా ఒక్కో బ్రాంచిలో ముగ్గురిని అడిగితే చాలు, ఆ బ్రాంచి బతుకు కళ్లకు కడుతుంది. "మంచిదా" అని అడిగితే మాత్రం ఆ మనిషికి వచ్చిన సీటూ, రాని సీటూ కలిసి మాట్లాడతాయి.

ఈ అడగడమేదో థర్డ్ ఇయర్‌లోనే మొదలుపెట్టాలి. ర్యాంకు వచ్చాక వీలుకాదు. నీట్ పీజీలో మూడున్నర గంటల్లో 200 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 పోతుంది. ఫలితాలు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఇంటిల్లిపాదీ పోయినేటి కటాఫ్‌ల జాబితా ముందేసుకుని కూర్చుంటారు. "ఈ ర్యాంకుకి ఇంత పెద్ద సీటు వస్తుంటే వదులుకుంటావా" అంటారు. అప్పటికి మీ దగ్గర మీ సొంత జాబితా లేకపోతే వాళ్లు చెప్పిందే నెగ్గుతుంది. ర్యాంకు మీ చేతుల్లో పూర్తిగా ఉండదు, నిజమే. కానీ ఒక ర్యాంకుకు దొరికే ఐదారు బ్రాంచిల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీరు ఏడాది ముందే రాసిపెట్టుకోవచ్చు.

జాబితా రాసేటప్పుడు ఏళ్ల లెక్క కూడా వేసుకోండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ ఏదైనా మూడేళ్లు. కార్డియాలజీ మీద మనసుంటే సాధారణంగా ముందు జనరల్ మెడిసిన్ చేసి, ఆ తర్వాత డీఎం మరో మూడేళ్లు. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరిన పిల్ల ఎక్కడా ఆగకుండా సాగినా డీఎం చేతికొచ్చేసరికి ముప్పై. ఎంట్రన్స్ కోసం మధ్యలో ఒకటి రెండేళ్లు పోవడం మామూలే. అనస్థీషియా, పాథాలజీ, సైకియాట్రీ లాంటివి చేసినవాళ్లు మూడేళ్ల తర్వాత నేరుగా పనిలో దిగిపోవచ్చు. ఇంట్లో అప్పు ఉందా, చెల్లెలి చదువు మీ మీద ఉందా అన్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లు పీహెచ్‌సీలో చేరి, కొన్నేళ్లు పనిచేసి ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్లిన డాక్టర్‌ని ఒకరిని వెతికి పట్టుకుని మాట్లాడాలి. కార్పొరేట్ ఆసుపత్రిలో ఉన్న బంధువు ఆ దారి గురించి చెప్పలేడు.

అసలు ఎవరిని ఏది అడగాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఫస్ట్ ఇయర్ పిల్లలకు ప్రొఫెసర్ కన్నా సెకండ్ ఇయర్ అన్నే ఎక్కువ ఉపయోగపడతాడు. అనాటమీ పుస్తకంలో ఏ పేజీ దగ్గర తను ఆగిపోయాడో అతనికింకా గుర్తుంటుంది. ఊళ్లో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లకు అదే దారిలో వచ్చిన అక్క దొరికితే సగం భయం పోతుంది. లెక్చర్ అర్థం కాకపోతే ముందు ఏం చదివి వెళ్లాలో, వైవాలో ఇంగ్లీషు తడబడితే ఏం చేయాలో ఆ అక్కే చెప్పగలదు. కానీ ఆ సెకండ్ ఇయర్ అన్ననే "ఆర్థో తీసుకోవచ్చా" అని అడిగితే అతను వినికిడి మాటలు చెబుతాడు. ఆ ప్రశ్న పీజీలది. బయట ప్రాక్టీసు ఎలా ఉంటుందన్నది పీజీ అయి ఐదేళ్లు దాటినవాళ్లది. ఆడపిల్లకు సర్జరీ ఎందుకని ఇంట్లో అంటుంటే ఆ సందేహాన్ని పెళ్లయి, పిల్లల్ని పెంచుతూ థియేటర్‌కి వెళ్తున్న సర్జన్ మేడమ్ దగ్గరికే తీసుకెళ్లాలి. ఆవిడ కష్టాలు దాచకుండా చెబుతుంది. సర్జన్ కాని మేనమామ జవాబు ఇక్కడ లెక్కలోకి రాదు.

అమెరికా సంగతీ అంతే. ముప్పై ఏళ్ల కిందట వెళ్లిన బాబాయి చెప్పే పద్ధతులు ఇప్పుడు లేవు. యూఎస్‌ఎంఎల్‌ఈ మొదటి స్టెప్‌కి 2022 జనవరి నుంచి మార్కులే ఇవ్వడం లేదు, పాసా ఫెయిలా అని చెబుతున్నారంతే. దాంతో భారమంతా రెండో స్టెప్ మీదా, అక్కడి ఆసుపత్రుల్లో చేసిన అనుభవం మీదా పడింది. చదువు పూర్తికాకముందు, విద్యార్థిగా ఉండగానే ఆ అనుభవం సంపాదించడం తేలిక. అంటే నిర్ణయం ఇంటర్న్‌షిప్ దాకా ఆగకూడదు. గత రెండేళ్లలో అక్కడ రెసిడెన్సీ సీటుకు మ్యాచ్ అయినవాళ్లను అడగండి. మ్యాచ్ కానివాళ్లు ఒకరు దొరికినా వదలొద్దు, వాళ్లు చెప్పేది ఇంకా విలువైనది.

ఒక హెచ్చరిక. సలహాతో పాటు కోచింగ్ యాప్ కూపన్ కోడ్ కూడా చేతిలో పెట్టే సీనియర్లు ఉంటారు. ఆ కోడ్‌తో మీరు కడితే వాళ్లకేమైనా వస్తుందా అని నేరుగా అడిగేయండి. వస్తే తప్పేమీ కాదు, కానీ ఆ మాటను ఆ లెక్కలోనే తీసుకోవాలి. సెకండ్ ఇయర్ నుంచే వార్డు ఎగ్గొట్టి వీడియోలు చూడమనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఊపిరాడని పేషెంట్‌ని ఒకసారి చేత్తో పరీక్షించి, చెవితో విన్నవాళ్లకు ఆ ప్రశ్న పరీక్షలో వచ్చినప్పుడు జ్ఞాపకశక్తితో పని ఉండదు.

ఇంటర్న్‌షిప్ దగ్గరికొస్తే తేదీల విషయంలో సీనియర్ల మాట బంగారం. పీజీ సీటుకు అర్హత ఉండాలంటే ఆ ఏడు ప్రకటించిన గడువులోపు ఇంటర్న్‌షిప్ పూర్తికావాలి. అనుమతితో దొరికే సెలవు ఏడాది మొత్తానికి 15 రోజులే, అంతకు మించితే ఆ రోజులు చివర్లో చేయాలి. ఆ చివరి పది రోజులే గడువు దాటించి ఏడాదంతా పోగొట్టిన సందర్భం నేను చూశాను. చేరిన రోజే క్యాలెండర్ మీద చివరి తేదీ గుండ్రం చుట్టుకోండి.

ఇక సీనియర్లకు కొన్ని మాటలు. కొత్త పాఠ్యప్రణాళికలో ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుడిని మెంటర్‌గా పెడుతున్నారు. మంచిదే. కానీ చాలాచోట్ల అది లాగ్‌బుక్‌లో సంతకం దగ్గరే ఆగిపోతోంది, మార్కులు వేసే మనిషి దగ్గర పిల్లలు నోరు విప్పరు. ఆ ఖాళీ నింపగలిగింది మీరే. అయితే ర్యాగింగ్ భయంతో జూనియర్లు మిమ్మల్ని చూస్తేనే తప్పుకుంటారు, ఆ భయం ఊరికే పుట్టలేదు. కాబట్టి "ఇంట్రో" పేరుతో గదికి పిలవకండి. పగటిపూట, లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో, డిపార్ట్‌మెంట్‌కి తెలిసేలా కలవండి. ఒక్కొక్కరికి ముగ్గురు జూనియర్లు చాలు. నెలకు రెండుసార్లు అరగంట కూర్చోండి. నలభై పుస్తకాల పీడీఎఫ్‌లు వాళ్ల ఫోన్లలోకి పంపొద్దు. ఒక్కో సబ్జెక్టుకి మీరు నిజంగా చదివిన ఒక్క పుస్తకం పేరు చెప్పండి. "అదేముంది, ఈజీయే" అన్న మాట మానేయండి. కష్టపడుతున్నవాడికి ఆ మాట తగిలినంతగా తిట్టు కూడా తగలదు.

అన్నిటికన్నా మీ అవసరం ఎక్కువగా పడేది ఫస్ట్ ఇయర్ ఫలితాలు వచ్చిన వారంలో. ఊళ్లో ఫ్లెక్సీ కట్టించుకుని వచ్చిన పిల్లాడు జీవితంలో మొదటిసారి ఫెయిలవుతాడు. ఇంట్లో చెప్పడు. మెస్‌కి రాడు. తలుపు వేసుకుని పడుకుంటాడు. రెండు పూటలు కనబడకపోతే వెళ్లి తలుపు తట్టండి. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే రహస్యంగా ఉంచుతానని ఎట్టి పరిస్థితుల్లోనూ మాటివ్వొద్దు. ఒంటరిగా వదలకుండా ఇంకొకరిని పిలవండి, వార్డెన్‌కి చెప్పండి, అర్ధరాత్రయినా సరే క్యాజువాల్టీకి తీసుకెళ్లి సైకియాట్రీ డ్యూటీ డాక్టర్‌ని పిలిపించండి. టెలిమానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు చేయాల్సింది మనిషిని సరైన చేతుల్లో పెట్టడం. వైద్యం మీరు చేయబోకండి.

ఇటీవల ఒక ఫస్ట్ ఇయర్ అబ్బాయి అనాటమీ పోయిందని నా దగ్గరికి వచ్చాడు. మొదటి ఎంబీబీఎస్ గట్టెక్కడానికి ఉన్నవి నాలుగు అవకాశాలే, అందులో ఒకటి అయిపోయిందని వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. అదే సబ్జెక్టు పోగొట్టుకుని సప్లీలో పాసై, ఇప్పుడు ఫైనల్ ఇయర్‌లో ఉన్న ఒకతన్ని పిలిచి ఇద్దర్నీ డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో కూర్చోబెట్టాను. అతను ముందు తన మార్కుల జాబితా ఫోన్‌లో తీసి చూపించాడు. తర్వాత ఒక తెల్లకాగితం ముందుకు జరిపి, "బ్రేకియల్ ప్లెక్సస్ గియ్యి, ఐదు రూట్లు, సీ5 నుంచి టీ1 దాకా" అన్నాడు. మొదటిసారి మధ్యలో ఆగిపోయాడు. రెండోసారి కార్డుల దగ్గర తప్పుపోయింది. నేను సాయంత్రం రౌండ్స్ ముగించుకుని అటుగా వెళ్తే ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు, బల్ల మీద ఆరో కాగితం ఉంది.