పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదా?

ప్రశ్న: మా అబ్బాయికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. టికెట్‌లో శంషాబాద్‌లో ఉదయం 10కి బయలుదేరి 12.30కి దుబాయ్ చేరుతుందని ఉంది. తిరుగు టికెట్‌లో మాత్రం ఉదయం 10కి బయలుదేరితే మధ్యాహ్నం 3 అవుతుందట. దారి ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: టికెట్‌లో తప్పేం లేదమ్మా. అందులో ఏ ఊరి సమయం ఆ ఊరి లెక్కనే వేస్తారు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. అది సరిచేస్తే పోవడానికి 4 గంటలు, రావడానికి మూడున్నర.

ఇక ఆ అరగంట తేడా గాలి పని. రెండు విమానాశ్రయాల మధ్య దూరం నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానాలు ఎగిరే పది కిలోమీటర్ల ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు గట్టిగాలి వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. విమానం వేగం గంటకు 850 కిలోమీటర్లు, గాలి 80 అనుకోండి. నేల మీది లెక్కన అటు 770, ఇటు 930 అవుతుంది. అరగంట అక్కడే తేలిపోయింది! వానాకాలంలో ఈ గాలి ఉత్తరానికి జరుగుతుంది కాబట్టి తేడా తగ్గుతుంది. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, దిగాక గేటు చేరడం కూడా టికెట్ సమయంలోనే కలిసి ఉంటాయి.

నిజానికి మీకు ఎక్కువసేపు పట్టేది రోడ్డు ప్రయాణమే. విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరాలి. అంటే రాత్రి 2 గంటలకల్లా జగిత్యాలలో కారెక్కండి.