ఇల్లు మారునపుడు పెరటి మల్లెను వెంట గొనిపోవు విధము



పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, నిజామాబాదు మార్కెట్టునకు తోలిన పిదప మన ముప్కాలు ప్రాంతమున క్రొత్త యిండ్ల మాట పుట్టును. అన్నదమ్ములు వేరుపడుదురు, ఊరి నడుమ నున్న పాత యిల్లు విడిచి రోడ్డు ప్రక్కన కట్టుకొందురు. అట్టి సమయమున దూలములను, తలుపులను, గాబులను తరలించుట యెట్లో మనకు తెలియును. పెరటిలో అమ్మమ్మ నాటిన మల్లెపొదను తరలించుట యెట్లో అనేకులకు తెలియదు. ఈ నెల పాఠము దానిని గూర్చియే.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. మా తల్లిగారు కాపురమునకు వచ్చిన యేట నాటిన గుండుమల్లె మా పెరటిలో నుండెను. వైశాఖమాసమున ఇల్లు మారితిమి. మొదలు చుట్టు గడ్డపారతో త్రవ్వి, పొదను పెకలించి, ట్రాక్టరు తొట్టిలో వేసి తెచ్చి నాటితిమి. పదునైదు దినములలో అది కట్టెయైనది. మా తల్లిగారు మమ్ము ఒక్కమాటయు అనలేదు. ఆ గోతికి నీరు పోయుట మాత్రము చాల దినములు మానలేదు. కృషిశాస్త్రము చదివినవారమయ్యు మేము చేసిన యీ పొరపాటు మీరు చేయకుందురు గాక.

పొద యేల చచ్చినది? నీటిని పీల్చునవి లావు వేళ్లు కావు, వాని చివర నుండు సన్నని పీచువేళ్లు. పెకలించునపుడు అవి తెగి పాతచోటనే నిలిచిపోవును. పైన ఆకులు ఎండకు నీటిని విడుచుచునే యుండును. రాబడి లేక వ్యయము మాత్రమే యున్న సంసారము ఎన్నాళ్లు నిలుచును?

కావున ముసలి పొదను కదల్పక, దానినుండి పిల్లలను తీయుటయే క్షేమము. గుండుమల్లె సాధారణముగా గింజ పట్టదు. పసుపు కొమ్మునుండి పసుపు మొలచినట్లే, మల్లె కొమ్మనుండి మల్లె వచ్చును. అట్లు వచ్చినది వేరొక మొక్క కాదు. ఆ తల్లి శరీరములోని భాగమే. అదే పూవు, అదే వాసన. అమ్మమ్మ చేతి మల్లె అని నిశ్చయముగా చెప్పుకొనవచ్చును.

అంటు త్రొక్కుట. ఇది నమ్మకమైన పద్ధతి. పసుపు నాట్లు ముగిసి, వానలు నిలదొక్కుకొనిన ఆషాఢ శ్రావణములు (జూన్ చివర మొదలు ఆగస్టు వరకు) దీనికి తగిన కాలము. పెన్సిలు లావున్న, ఒక యేటి వయస్సు గల కొమ్మను నేలకు వంచుడు. నేల తాకుచోట కణుపు క్రింద ఒక అంగుళము పొడవున వాలుగా సగము లోతు కోయుడు. కోత మూసికొనకుండ చిన్న పుల్లను ఇరికించుడు. అచ్చట రెండు మూడు అంగుళముల మన్ను కప్పి, కొమ్మ లేవకుండ రాయి పెట్టుడు. కొన పైకి నిలిచియుండవలెను. మన్ను ఆరనీయరాదు, బురదయు కారాదు. మూడు నాలుగు నెలలలో వేళ్లు వచ్చును. వెంటనే తెగకోయక, తల్లివైపు కొమ్మను సగము మాత్రము కోసి, రెండు వారముల తరువాత పూర్తిగా వేరుచేయుడు. బిడ్డకు పాలు మాన్పినట్లు మెల్లగా మాన్పవలెను.

కొమ్మలు నాటుట. కొమ్మలు నేలకు వంగనిచో ఈ పద్ధతి మేలు. మరీ లేతవి గాక, మరీ ముదిరినవి గాక, 15 మొదలు 20 సెంటీమీటర్ల పొడవున మూడు నాలుగు కణుపులుండునట్లు ప్రొద్దుననే కోయుడు. క్రింది కోత కణుపునకు అడుగుననే యుండవలెను. పూమొగ్గలను, క్రింది ఆకులను తీసివేసి, ఇసుకయు చివికిన యెరువును కలిపిన సంచులలో సగము వరకు గ్రుచ్చుడు. ఏది క్రింది కొనయో మరువరాదు. తలక్రిందైన కొమ్మ బ్రతుకదు. చెట్టునీడలో నుంచి దినమును తడి చిలుకరించుడు. ఆరు వారముల వరకు పీకి చూడకుడు; చూచుట చేతనే అనేకములు చచ్చును. వేరు ప్రేరక చూర్ణము అంగడిలో దొరకును. అద్దిన మంచిదే, లేకున్నను పని ఆగదు.

పసుపు చేని మన్ను మాత్రము సంచులకు వాడకుడు. దుంపకుళ్లు తెగులును, వేరుముడి నులిపురుగులును దానితో కూడ రావచ్చును.

ఇతర పొదలు. మందారము, నందివర్ధనము, గోరింట కొమ్మలతో సులభముగా వచ్చును. గన్నేరు కూడ వచ్చును గాని దాని పాలు, ఆకు విషము. పశువులకు అందనీయక, పని పిదప చేతులు కడుగుకొనవలెను. అంటు గులాబీలో అంటునకు క్రింద లేచిన చివురును నాటినచో మీరు కోరిన పూవు రాదు, మొదటి అడవి గులాబీయే వచ్చును.

క్రొత్త చోట నాటుట. క్రొత్త యింటి చుట్టు సిమెంటు, సున్నము, ఇటుక ముక్కలు కలిసిన నేల యుండును. అందు మల్లె ఆకు పచ్చబారి క్షీణించును. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గోతిలోని యా మన్నును పారవేసి, మంచి మన్నును చివికిన పశువుల యెరువును నింపుడు. సగము దినమైన యెండ తగులు చోటు కావలెను. నాటుటకు ముందు సంచిలోని మొక్కను పదిదినములు కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేయుడు.

ఆరు నెలలు ముందుగా ఆలోచించవలెనని దీనివలన తేలుచున్నది. పునాది తవ్విననాడే అంటు త్రొక్కినచో గృహప్రవేశమునకు మొక్క సిద్ధమగును. ఒక్కటి చాలదు, ఆరు తీయుడు. రెండు క్రొత్త యింటికి, ఒకటి కూతురి యింటికి, ఒకటి పొరుగువారికి. మిగిలినవి చచ్చినవాని బదులు. పదిమంది చేతిలో నున్న ధనము వలె పది పెరళ్లలో నున్న మొక్క నశింపదు. ఇది సంఘ సభ్యులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

మనకు చేరువనున్న పోచంపాడు వద్ద 1963 జూలై 26 నాడు జవహర్‌లాల్ నెహ్రూగారు ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. అదియే నేటి శ్రీరాంసాగరము. గోదావరి యొడ్డు గ్రామములనేకము ఆ నీటి క్రిందికి పోయినవి. మునిగిన పెరటికి మరల పోయి కొమ్మ తెచ్చుకొన వీలులేదు. ఇల్లు అమ్మినవారి గతి అంత కఠినము గాదు. క్రొత్త యజమానుని తలుపు తట్టి, వానకాలమున నాలుగు కొమ్మలు అడిగినచో కాదనువారు మన యూళ్లలో అరుదు. అడుగుటకు సిగ్గుపడకుడు.

మేము అట్లే అడిగితిమి. మా పాత పొద పోయినను, దాని కొమ్మ నొకప్పుడు తీసికొనిన పొరుగింటి పెద్దమ్మ పెరటిలో అది బ్రతికియుండెను. ఆ కొమ్మయే నేడు మా వాకిట పూయుచున్నది. మా తల్లిగారు దాని మొదటి పూలను తురుముకొనక పెద్దమ్మకే పంపిరి.