నడక మందే, మరి డోసు ఎంత?

కొండగట్టు పాదయాత్ర వీడియో చూసి ఒక తమ్ముడు అడిగాడు: “మా నాన్నకు షుగర్ అన్నా. దీక్ష వేసుకుని జగిత్యాల నుంచి నడిచే పోతా అంటున్నడు. మంచిదేనా?”

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో 11వ అధ్యాయం ప్రమేహం గురించే. డబ్బు లేని రోగికి అక్కడ చెప్పిన చికిత్స నడక. చెప్పులు, గొడుగు లేకుండా, ఊరికి ఒక్క రాత్రి ఉంటూ నూరు యోజనాలు నడవమన్నారు. (హనుమంతుడు దాటిన సముద్రమూ నూరు యోజనాలే. ఆయన ఒక్క దూకులో దాటాడు, మనవల్ల కాదు!) మనం గమనించాల్సింది ‘ఊరికి ఒక్క రాత్రి’ అన్న మాట. అంటే రోజూ కొంత, చాలా రోజులు.

ఎందుకంటే, కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. ఆ ఫలితం ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఏడాదికోసారి చేసే పాదయాత్రతో షుగర్ అదుపులోకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటోంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్నవాళ్లపై చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 26.4 శాతం.

సిరిసిల్లలో సాంచాలు నడిపే పెద్దమనిషి “పొద్దంతా నిలబడే ఉంటా, ఇంకేం ఎక్సర్‌సైజ్ బిడ్డా?” అంటాడు. ఒళ్లు అలసిపోవడం వేరు, గుండె వేగం పుంజుకునేలా ఆగకుండా నడవడం వేరు. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మకైతే ఆ నిలబడటం కూడా లేదు. ల్యాప్‌టాప్ ముందున్న మనకూ అంతే.

ఎంత గట్టిగా నడవాలి? ఆయుర్వేదం ‘అర్ధశక్తి’ అంటుంది. నోటితో ఊపిరి తీసుకోవాల్సి వస్తే సగం బలం అయిపోయినట్టు, అక్కడ ఆపాలి. ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ దగ్గరగానే ఉంటుంది: మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి.

చెప్పుల విషయంలో మాత్రం నేను డాక్టర్ మాటే వింటా. ఏళ్లుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గొచ్చు. ముల్లు గుచ్చుకున్నా, తారురోడ్డు కాలినా తెలియదు. పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి, మండే ఎండల్లో వస్తుంది. చిన్న పుండు ముదిరి వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే తమ్ముడూ, మాల వేసుకునే ముందే నాన్నకు పాదాల స్పర్శ పరీక్ష చేయించు. ఒంటిపూట భోజనం, పైన నడక, ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డోసు ఎలా మార్చాలో డాక్టర్‌నే అడగండి. జేబులో గ్లూకోజ్ పొడి, కాళ్లకు మెత్తటి బూట్లు ఉండాలి. గుడి మెట్ల దగ్గర విప్పితే చాలు.