డాష్‌బోర్డ్ సరే... చూస్తున్నదెవరు?

మీ కంపెనీ పవర్ బీఐ అనే డేటా సాఫ్ట్‌వేర్ తీసుకుంది. ట్రైనింగ్ ఇచ్చింది. లాగిన్ మీ దగ్గరే ఉంది. అయినా సోమవారం మీటింగ్‌లో "నా ఎక్స్‌పీరియన్స్ ప్రకారం..." అని ఎవరో మొదలుపెడతారు. అందరూ తలూపుతారు. నిర్ణయం అయిపోతుంది.

సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. మారాల్సింది అలవాటు. అది మీ చేతిలో పనే!

అమెరికాలోని బాల్టిమోర్ నగరాన్ని చూడండి. 1999లో మేయర్‌గా గెలిచిన మార్టిన్ ఒమాలీ మరుసటి ఏడాది 'సిటీస్టాట్' అనే సమీక్షా పద్ధతి మొదలుపెట్టారు. 1994లో న్యూయార్క్ పోలీసులు తెచ్చిన 'కాంప్‌స్టాట్' దీనికి మాతృక. వాడింది మార్కెట్లో దొరికే మామూలు సాఫ్ట్‌వేరే. బలమంతా మీటింగ్‌లో ఉంది. రెండు వారాలకోసారి డిపార్ట్‌మెంట్ హెడ్ వచ్చి తన అంకెలకు జవాబు చెప్పాలి. ఓవర్‌టైమ్ ఎందుకు పెరిగింది? ఇంతమంది సెలవులో ఎందుకున్నారు? తర్వాతి మీటింగ్‌లోనూ ఇదే అడుగుతారని అందరికీ తెలుసు. అందుకే రోడ్డు మీద గుంతపై ఫిర్యాదు వస్తే 48 గంటల్లో పూడుస్తామని నగరం మాట ఇవ్వగలిగింది.

'మళ్లీ అడుగుతారు' అన్న ఎరుక మీ టీమ్‌లోనూ రావాలి. ఇలా మొదలుపెట్టండి.

1. ఒక్క ప్రశ్న ఎంచుకోండి. 'అనలిటిక్స్ వాడదాం' అంటే ఎవరూ కదలరు. 'గత నెల డెలివరీలు ఎందుకు లేటయ్యాయి?' అనండి. కదులుతారు.

2. అంకెకు అర్థం ఖాయం చేయండి. సేల్స్ వాళ్లకు ఆర్డర్ వస్తే సేల్. అకౌంట్స్ వాళ్లకు ఇన్వాయిస్ పడితే సేల్. గోడౌన్ వాళ్లకు సరుకు బండెక్కితే సేల్. ముగ్గురూ మూడు అంకెలు తెస్తారు. ముగ్గురూ నిజమే చెబుతారు! సగం మీటింగ్ 'మీ లెక్క తప్పు' అనే వాదనకే పోతుంది. చివరికి డేటా మీదే నమ్మకం పోతుంది. కాబట్టి ముగ్గుర్నీ కూర్చోబెట్టండి. ఒకే నిర్వచనం తేల్చి డాష్‌బోర్డ్ పైనే రాయించండి. రిటర్న్ వచ్చిన సరుకును ఏ నెలలో తగ్గించాలో కూడా అప్పుడే తేల్చండి. బోర్ కొట్టే పనే. కానీ మొత్తం ప్రాజెక్టులో ఇంతకన్నా విలువైన గంట ఇంకొకటి లేదని నా నమ్మకం.

3. మీటింగ్ స్క్రీన్ ముందే జరపండి. మీరు టీమ్ లీడర్ అయితే ఫిల్టర్లు మీరే మార్చండి. మిమ్మల్ని చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు. 'స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపు' అన్నారో, డాష్‌బోర్డ్ ఇక ఎవరూ తెరవరు.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట. చెడ్డ అంకె తెచ్చినవాళ్లను తిట్టకండి. ఒక్కసారి తిడితే చాలు, వచ్చే నెల నుంచి అంకెలన్నీ అందంగా వస్తాయి. కాంప్‌స్టాట్ మీదా ఈ విమర్శ వచ్చింది. పైనుంచి వచ్చే ఒత్తిడికి నేరాల తీవ్రతను తగ్గించి నమోదు చేశారన్నారు. 'ఎవరు చేశారు?' అని కాకుండా 'ఏం జరిగింది?' అని అడగండి.

డేటా అంటే ముఖం చిట్లించే సీనియర్ ఉన్నారా? ఆయన్ను పక్కన పెట్టకండి. ముందు ఆయన అంచనా రాయమనండి. తర్వాత అంకె తెరవండి. సరిపోతే ఆయన అనుభవానికి ఆధారం దొరికినట్టే. సరిపోకపోతే ఎందుకో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనకే వస్తుంది.

మీకు కోడింగ్ రాదా? ఫరవాలేదు. సగటు, శాతం, గత ఏడాదితో పోలిక... మొదలుపెట్టడానికి ఈ మూడూ చాలు. పోలిక మాత్రం జాగ్రత్త. బట్టల షాపులో శ్రావణం అమ్మకాలను ఆషాఢంతో పోల్చి 'గ్రోత్' అనకండి. దసరా ఒక ఏడాది సెప్టెంబర్ చివర్లోనే మొదలవుతుంది, ఇంకో ఏడాది అక్టోబర్ నడిమికి జరుగుతుంది. నెలకు నెల కాదు, పండగకు పండగ పోల్చండి.

ఈ వారమే మీ ప్రశ్న రాసుకోండి. దానికి జవాబు చెప్పే అంకె ఏ డిపార్ట్‌మెంట్ దగ్గరుందో కనుక్కుని, సోమవారం మీటింగ్‌కు వాళ్లను కూడా పిలవండి.