పెళ్లి కుదిరిందా? చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోండి

పెళ్లి మాటల్లో కూర్చునేది పెద్దవాళ్లు. ముహూర్తం, మండపం, పెట్టుపోతలు, విస్తట్లో ఎన్ని రకాలు, అన్నీ వాళ్లే తేలుస్తారు. కానీ రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టేది, రేపు ఏదైనా తేడా వస్తే కోర్టులో పేరు పిలిపించుకునేది ఆ ఇద్దరే. అందుకే ఈ జవాబులు పెళ్లికొడుకు, పెళ్లికూతురు కలిసి చదువుకోవాలని నా కోరిక. పెళ్లి కుదిరిన ఇళ్లలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలనే తీసుకున్నాను.

పంతులుగారు శాస్త్రోక్తంగా చేయిస్తారు కదా, మళ్లీ రిజిస్ట్రేషన్ దేనికి?

రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన సంప్రదాయబద్ధంగా జరిగిన పెళ్లి చెల్లకుండా పోదు. అయినా చేయించి తీరాలి. ఏ మతం వారి పెళ్లయినా నమోదు తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2006లో రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకంటే ముందే, 2002లోనే, తప్పనిసరి వివాహ నమోదు చట్టం తెచ్చుకుంది. వీసాకు, బీమాకు, పింఛనుకు, వారసత్వానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. భర్త కాదన్న రోజున భార్య చేతిలో ఉండే గట్టి రుజువు కూడా అదే.

శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసుకు పదో తరగతి సర్టిఫికెట్, చిరునామా రుజువు, గుర్తింపు కార్డులతో సాక్షులు సిద్ధంగా ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని తొందరగా అవుతుంది. ఫొటోల్లో జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, సప్తపది స్పష్టంగా పడేలా ఫొటోగ్రాఫరుకు ముందే చెప్పండి. అబ్బాయికి విదేశం నుంచి మూడు వారాల సెలవే దొరికితే, సత్యనారాయణ వ్రతం అయిన మర్నాడే ఈ పని పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజుకు వాయిదా వేయకండి.

ముందు రిజిస్ట్రేషన్ చేయించుకుని వీసాకు పెట్టుకుంటాం. అసలు పెళ్లి ఆరు నెలల తర్వాత. పర్వాలేదా?

హిందూ వివాహ చట్టం కింద అయితే కుదరదు. ఆ చట్టం కింద చేసే నమోదు జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే, అది పెళ్లిని పుట్టించదు. సరిగ్గా ఇలాంటి కేసే 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. క్రతువు లేకుండా సర్టిఫికెట్ తీసుకున్న జంట అసలు భార్యాభర్తలే కారని కోర్టు తేల్చింది. వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలని, ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుందని 1955 నాటి చట్టం 7వ సెక్షన్ చెబుతోంది.

తొందర ఉన్నవారికి మరో దారి ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఆఫీసులోనే పెళ్లి చేసుకోవచ్చు. అది అన్ని విధాలా పూర్తి పెళ్లే. పందిట్లో వేడుక తర్వాత మీకు వీలైనప్పుడు జరుపుకోవచ్చు.

మాది స్టేజీ పెళ్లి. దండలు మార్చుకుని ప్రమాణం చేస్తాం. చెల్లుతుందా?

తమిళనాడులో 1967లో తెచ్చిన సవరణ వల్ల దండలో ఉంగరాలో మార్చుకున్నా హిందూ వివాహం చెల్లుతుంది. అలాంటి సవరణ మన రెండు రాష్ట్రాల్లో లేదు. ఆదర్శం కోసం క్రతువు వద్దనుకున్న జంటలు ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుని, ఆ తర్వాతే సభ పెట్టుకోవడం మేలు. ఆదర్శంగా చేసుకున్న పెళ్లిని పదేళ్ల తర్వాత కోర్టులో నిరూపించుకోలేక భార్య నష్టపోకూడదు.

ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి ఎన్నాళ్లు పడుతుంది?

ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లో చెల్లుబాటయ్యే అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి చేస్తారు. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోగా పెళ్లి కాకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఇష్టం లేదన్నది చట్టం ఒప్పుకునే అభ్యంతరం కాదు. వయసు చాలకపోవడం, మొదటి పెళ్లి రద్దు కాకుండా ఉండటం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం, ఇవే కారణాలు. ఇంకో సంగతి జాగ్రత్తగా గుర్తుంచుకోండి. మీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి అక్కడి అధికారికీ వెళుతుంది, అక్కడా అంటిస్తారు. ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకుంటున్నవారు ఈ నెల రోజుల్లో ఎక్కడుండాలో ముందే ఆలోచించుకోవాలి.

మాది మేనరికం. ఇబ్బంది ఉందా?

హిందూ వివాహ చట్టం కింద లేదు. నిషిద్ధ బంధుత్వమున్నా ఆచారం అనుమతిస్తే ఆ చట్టం అడ్డు చెప్పదు. మేనమామ కూతురు, మేనత్త కొడుకు, మేనమామ సంబంధాలు మన దగ్గర ఎంత పాత ఆచారమో కోర్టులకూ తెలుసు. కానీ ప్రత్యేక వివాహ చట్టంలో మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు నిషిద్ధుల జాబితాలో ఉన్నారు. ఆచారం ఉందనడానికి అక్కడ రాష్ట్ర ప్రభుత్వ గెజిట్ నోటిఫికేషన్ కావాలి. కాబట్టి మేనరికం చేసుకునే హిందూ జంటకు సంప్రదాయ పెళ్లే సరైన దారి.

అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు. గుడిలో తాళి కట్టి హిందూ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా?

వద్దు. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం లెక్కలో హిందువులే. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో గుడిలో తాళి కట్టి, హిందూ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్న హిందూ-క్రైస్తవ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మతం మారకుండా, ఎవరి విశ్వాసం వారు ఉంచుకుని పెళ్లి చేసుకోవాలంటే ప్రత్యేక వివాహ చట్టం ఉన్నదే అందుకు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. బెదిరిస్తున్నారు కూడా.

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వడం పోలీసుల బాధ్యత అని చెప్పి, జిల్లాల్లో ఆశ్రయ గృహాలు ఏర్పాటు చేసే విషయం చూడాలని ప్రభుత్వాలకు సూచించింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లెదుటే చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కాబట్టి బెదిరింపును తేలిగ్గా తీసుకోకండి. జిల్లా ఎస్పీకి లేదా కమిషనరుకు ఇద్దరూ సంతకం చేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. పోలీసులు కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. రాజీకి రమ్మని ఇంటి నుంచి పిలుపు వస్తే ఒంటరిగా వెళ్లకండి.

కట్నం అడగలేదు. లాంఛనాలు, ఆడపడుచు కట్నం, కారు మాత్రం అన్నారు. ఇవి కట్నం కిందికి వస్తాయా?

వస్తాయి. పెళ్లికి సంబంధించి ఒకవైపు వారు మరోవైపు వారికి నేరుగా గానీ, మరొకరి ద్వారా గానీ ఇచ్చే, ఇస్తామని ఒప్పుకునే ఆస్తి ఏదైనా 1961 నాటి చట్టం ప్రకారం కట్నమే. అది ఆడపడుచు చేతికి వెళ్లినా, అత్తగారి చేతికి వెళ్లినా తేడా లేదు. పెళ్లయ్యాక ఇల్లు కట్టుకోవడానికి అడిగిన డబ్బు కూడా కట్నమేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చినా, తీసుకున్నా కనీసం అయిదేళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. ఊరికే అడిగినా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష ఉంటుంది. సంబంధం తప్పిపోయి పెళ్లే జరగకపోయినా అడిగిన నేరం అలాగే ఉంటుందని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులోనే 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి తాంబూలాలు పుచ్చుకున్నాక లాంఛనాలు పెంచుతున్న కుటుంబం మీద ఇప్పుడే ఫిర్యాదు చేయవచ్చు. ఇచ్చినవారు కూడా నేరస్థులే కదా అని భయపడి బాధితులు నోరు మూసుకోనక్కర్లేదు. వారు చెప్పిన మాటల ఆధారంగా వారి మీదే కట్నం కేసు పెట్టకూడదని అదే చట్టం 7వ సెక్షన్ రక్షణ ఇచ్చింది.

అడగకుండా, ఆచారం ప్రకారం, తాహతుకు మించకుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది. దానికో షరతు ఉంది. 1985 నాటి నిబంధనల ప్రకారం ఆ కానుకలకు జాబితా రాయాలి. అమ్మాయికి వచ్చినవి ఒక జాబితా, అబ్బాయికి వచ్చినవి మరొకటి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వారు ఏ వరుస అవుతారు అని రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం ఎలాగూ ఉంటుంది. నగలకు, పెద్ద వస్తువులకు అదే పద్ధతిలో ఇంకో రెండు పేజీలు రాయించండి. ఈ జాబితా అడిగితే అవతలివారిని అనుమానించినట్టు అవుతుందని సంకోచించేవారు చాలామంది. అందులో అవమానం ఏమీ లేదు. పెళ్లికొడుకే చొరవ తీసుకుని "మనిద్దరం కలిసి రాద్దాం" అంటే అంతకంటే మంచి మొదలు ఉండదు.

పెళ్లిలో పెట్టిన బంగారం ఎవరిది?

అమ్మాయిది. పుట్టింటివారు పెట్టినా, అత్తింటివారు ఆమెకు పెట్టినా అది ఆమె స్త్రీధనం, పూర్తిగా ఆమె సొత్తు. 1985లో ప్రతిభారాణి కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే చెబుతోంది. భద్రంగా ఉంటుందని అత్తగారి బీరువాలో పెట్టినా, ఆమె అడిగినప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, కూతురు బతికి ఉండగా ఆమె అనుమతి లేకుండా కన్నతండ్రి కూడా ఆ స్త్రీధనం కోసం కేసు వేయలేడని తేల్చింది. నగల బిల్లులు అమ్మాయి పేరున తీసుకోండి. తూకం వివరాలతో ఫొటోలు తీసి ఉంచండి. లాకరు ఆమె పేరున ఉండాలి.

పసుపు కుంకుమ కింద ఎకరం పొలం ఇస్తామన్నారు. దాంతో పుట్టింటి ఆస్తిలో వాటా పోతుందా?

ముందు ఆ ఎకరం సంగతి చూడండి. స్థిరాస్తి కానుక రిజిస్టరైన దానపత్రం ఉంటేనే చెల్లుతుంది. పందిట్లో పదిమందిలో చెప్పిన మాట రెవెన్యూ రికార్డుకు ఎక్కదు. ఇక వాటా సంగతి. ఆంధ్రప్రదేశ్ 1985లోనే పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం కూతుళ్లందరికీ ఇచ్చింది, పెళ్లయినవారితో సహా. ఘనంగా పెళ్లి చేశామన్నది ఆ హక్కును రద్దు చేయదు. తండ్రి స్వార్జితం మాత్రం ఆయన బతికుండగా ఆయన ఇష్టం. పెళ్లి హడావిడిలో అన్నయ్య సంతకం పెట్టమని కాగితం ఇస్తే, అది హక్కు విడుదల పత్రం కాదని చూసుకున్నాకే పెట్టండి.

అబ్బాయి ఉద్యోగం గురించి చెప్పిందంతా అబద్ధమని పెళ్లయ్యాక తెలిస్తే?

ముఖ్యమైన విషయం దాచి మోసంతో పొందిన సమ్మతి అయితే, మోసం బయటపడిన ఏడాదిలోగా పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. నిజం తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కలిసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అబ్బాయి మోసపోయినా ఇదే నియమం.

ఫంక్షన్ హాల్ అడ్వాన్సు తిరిగి ఇవ్వనంటున్నారు.

ఇంట్లో మైల వచ్చి ముహూర్తం మారడం మనకు కొత్త కాదు. అందుకే బుకింగ్ రోజునే రద్దు షరతులు కాగితం మీద రాయించుకోండి. ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగిస్తారు? తేదీ మార్చుకోవచ్చా? అర్ధరాత్రి ముహూర్తమైతే హాల్ ఒక రోజుకా, రెండు రోజులకా? కరెంటు, జనరేటర్ డీజిల్, శుభ్రం చేసే ఖర్చు అద్దెలోనే ఉన్నాయా? బయటి క్యాటరింగ్‌ను రానిస్తారా? షరతు రాసి ఉన్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన నష్టపరిహారమేనని కాంట్రాక్టు చట్టం చెబుతుంది. ఆ తేదీకి హాల్ మరొకరికి అద్దెకు ఇచ్చి, మీ అడ్వాన్సూ ఉంచుకుంటే గట్టిగా అడగండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరుండే ఊరి నుంచే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు, చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు.

అద్దె మొత్తం నగదుగా ఇమ్మంటే ఒప్పుకోకండి. ఒక శుభకార్యానికి ఒకరి నుంచి రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం, విడతలుగా తీసుకున్నా అంతే. జరిమానా తీసుకున్నవారికే. కానీ రసీదు లేని డబ్బుకు కేసు నిలబడదు.

చదివింపులకు పన్ను ఉందా?

వధూవరులకు పెళ్లి సందర్భంగా ఎవరిచ్చినా, ఎంతిచ్చినా పన్ను లేదు. తల్లిదండ్రులు తమ పేరున తీసుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. చెక్కులు వధూవరుల పేరునే రాయించండి.

పాటలకు రాయల్టీ కట్టాలని ఎవరో వచ్చారు. డీజే ఎంతవరకు?

పెళ్లికి, పెళ్లి ఊరేగింపుకు, వాటితో పాటు జరిగే వేడుకలకు కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్రం దీన్ని మరోసారి స్పష్టం చేసింది. కట్టనక్కర్లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న హాల్లో, శబ్దం బయటికి రాకుండా పెట్టుకోవచ్చు.

పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలా?

ఏ చట్టమూ అలా చెప్పదు. మార్చుకుంటే ఆధార్, పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు, చదువు సర్టిఫికెట్లు ఒకదానితో ఒకటి కలవక తిరగాల్సి వస్తుంది. పుట్టింటి పేరే ఉంచుకోవడం సులువు.

లాయరుకు డబ్బు లేకపోతే?

స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. మహిళల హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి చెప్పండి. చెప్పినవారి పేరు బయటపెట్టరు.